‘ఆస్క్’ అను క్రియ, దాని చుట్టములు

కొన్ని సంవత్సరముల క్రిందట, మేము వార్తా విభాగమున పనిచేయుచుండిన దినములలో, ఒక చిన్న పొరపాటు చేసితిమి. ఏటి కావలి యొడ్డున నున్న ఒక పల్లెవారు తమ యూరికి వంతెన కావలెనని, ఆ వైపు పర్యటించుచుండిన మంత్రిగారితో చెప్పిరి. వార్త ఇంగ్లీషున వచ్చినది. వాక్యము చిన్నది, అందలి క్రియ ‘ఆస్క్’. ప్రసారమునకు నిమిషములు మాత్రమే మిగిలియున్నవి. ‘వంతెన నిర్మింపవలసినదిగా గ్రామస్థులు మంత్రిగారిని ప్రార్థించిరి’ అని వ్రాసి, వార్తలు చదువువారి చేతి కిచ్చితిమి. వాక్యము వినుటకు ఇంపుగనే యుండెను. నాలుగు దినములు గడచిన పిమ్మట ఆ యూరి ఉపాధ్యాయు లొకరు కార్డు వ్రాసిరి. ‘అయ్యా, మీ వార్త విన్నాము. మేము ప్రార్థించలేదు, అడిగాము. ప్రార్థించటానికి మా ఊళ్ళో రామాలయం ఉంది.’ కార్డులో నున్నది అంతే.

మొదట నవ్వుకొంటిమి. తరువాత నిఘంటువు తెరచి చూచితిమి. ‘ఆస్క్’ అను మాట కెదురుగా అడుగు, ప్రశ్నించు, కోరు, వేడు, ప్రార్థించు మొదలగునవి వరుసగా నిలిచియున్నవి. నిఘంటువు లెక్కలో మా తప్పు లేదు. అయినను ఆ ఉపాధ్యాయుల మాటయే నిజము. అర్థము దగ్గరదైనంత మాత్రమున రెండు మాటలు ఒక్కటి కావు. అడుగువాడు నిలుచుండి అడుగుచున్నాడా, చేతులు జోడించి అడుగుచున్నాడా, బల్ల కావలివైపున కూర్చుండి అడుగుచున్నాడా అను సంగతిని క్రియయే చెప్పివేయును. మేము ఒక్క క్రియను మార్చి, నిలుచుండిన ఒక యూరిని మోకాళ్ళపై కూర్చుండబెట్టితిమి. ఆ కార్డు వచ్చిన నాటినుండి ఈ చిన్న క్రియ కథను వెదకుచు వచ్చితిమి. అది ఇంగ్లీషువారి చరిత్రలో ఎట్లు నడచినదో, ఆ నడక మన దేశము వరకు ఎట్లు వచ్చినదో నేడు శ్రోతలకు విన్నవింతుము.

‘ఆస్క్’ ఇంగ్లీషు భాషకు పుట్టుకతో వచ్చిన మాట. వేయి సంవత్సరములకు పూర్వపు ఇంగ్లీషులో దాని రూపము ‘ఆస్కియన్’. దాని మూలధాతువునకు వెదకుట, కోరుట అని భాషాశాస్త్రజ్ఞులు అర్థము చెప్పుదురు. సంస్కృతమున ఆ ధాతువునకు జ్ఞాతి ‘ఇష్’. దానినుండియే ఇచ్ఛ, ఇష్టము, అన్వేషణము అను మాటలు పుట్టినవి. కనుక మన యింట పిల్లవాడు ‘నా కిష్టము’ అనునపుడును, లండనులో పిల్లవాడు ‘ఆస్క్’ అనునపుడును ఇరువురి నోటను పలుకునది ఒకే పురాతనమైన కోరిక.

ఆ ప్రాచీనకాలముననే దీనికి ‘ఆక్స్’ అను రెండవ యుచ్చారణము కూడ నుండెను. హల్లులు రెండును తారుమారైనవి. ఇట్టి మార్పును వర్ణవ్యత్యయ మందురు. వారణాసి బనారసు అయినది ఈ రీతినే. తమిళమున ‘ఉరల్’ అనునది తెలుగున ‘రోలు’ అగుటయు ఇట్టిదే. పదునాల్గవ శతాబ్దపు మహాకవి ఛాసరు ‘ఆక్స్’ రూపమును వాడెను. 1535లో కవర్‌డేలు అచ్చువేయించిన ఇంగ్లీషు బైబిలులోను ఆ రూపము గలదు. పిమ్మట ‘ఆస్క్’ చదువుకొన్నవారి మాటగ నిలిచి, ‘ఆక్స్’ పల్లెపట్టుల మాటగ మిగిలినది. నేటికిని అమెరికాలోని నల్లజాతివారిలో అనేకులును, కరీబియను దీవులవారును ‘ఆక్స్’ అనియే పలుకుదురు. విని కొందరు అది చదువురాని మాట యని పరిహసింతురు. తాము పరిహసించునది వేయేండ్ల వయస్సు గల రూపమని వా రెరుగరు. అడుగు మాటను బట్టి అడుగువాని అంతస్తును కొలుచుట మానవులకు పాత యలవాటు.

‘ఆస్క్’ రెండు పనులు చేయును. ‘దారి యేది?’ అని తెలిసికొనగోరుట యొకటి. ‘నీ ళ్ళిమ్ము’ అని కోరుట రెండవది. మన ‘అడుగు’ కూడ నంతే. దారి అడుగుదుము, అప్పు అడుగుదుము. సంస్కృతమున ఈ పనులు వేరువేరు ధాతువులకు పంచబడినవి. తెలిసికొనుటకు ప్రచ్ఛ్, ఇమ్మనుటకు యాచ్. ప్రాచీనమైన ఇంగ్లీషులోను ఇట్టి విభాగమే యుండెను. ‘ఆస్కియన్’ ముఖ్యముగా తెలిసికొనుటకు. ఇమ్మని కోరుటకును, దేవుని వేడుటకును ‘బిడ్డన్’ అను మరియొక క్రియ. ఆజ్ఞాపించుట, ఈయజూపుట అను నర్థములు గల ఇంకొక క్రియ దీనికి రూపమున దగ్గరగా నుండుటచే రెండును కలిసిపోయి నేటి ‘బిడ్’ అయినవి. అందుచేతనే ఆ యొక్క మాటలో ఆజ్ఞయు, వేలంపాటయు, పాతకాలపు వేడుకోలును ఒకేచోట ఇరికియున్నవి. ‘బిడ్డన్’ క్రియతో పుట్టిన నామవాచకమునకు ప్రార్థన యని అర్థము. జపమాల త్రిప్పువారు ఒక్కొక్క ప్రార్థనకు ఒక్కొక్క పూసను జరుపుదురు గదా! క్రమముగా ప్రార్థన పేరు పూసకు సంక్రమించినది. నేడు పూసను ఇంగ్లీషున ‘బీడ్’ అనుట అందులకే. వేడుకోలు కరగిపోయినది, పూస మిగిలినది.

1066లో నార్మండీ ప్రభువైన విలియము ఇంగ్లండును జయించెను. తరువాత దాదాపు మూడు వందల యేండ్లు రాజసభలోను న్యాయస్థానములలోను ఫ్రెంచి పలుకుబడి చెల్లినది. మతమునకును విద్యకును లాటిను. పొలములోను పొయ్యి దగ్గరను ఇంగ్లీషు. ఈ విధముగా భాష మూడంతస్తుల మేడ యైనది. తెలియగోరుట కొక్కదానికే మూడు మాటలు సమకూడినవి. ‘ఆస్క్’ ఇంటి మాట. ‘క్వశ్చన్’ ఫ్రెంచి దారిని వచ్చిన మాట. ‘ఇంటరాగేట్’ పండితులు లాటినునుండి తెచ్చుకొన్న మాట. తల్లి బిడ్డను అడుగునపుడు మొదటిది చాలును. న్యాయవాది సాక్షిని అడుగునపుడు రెండవది వచ్చును. పోలీసు అధికారి ఖైదీని అడుగునపుడు మూడవది కావలసివచ్చును. మెట్టు ఎక్కినకొలది అడుగువాని బలము పెరుగును, బదులు చెప్పువాని స్వేచ్ఛ తరుగును.

‘క్వశ్చన్’ అను మాటకు ఐరోపా న్యాయస్థానములలో మరియొక యర్థ ముండెడిది. నిందితుని హింసించి నేర మొప్పించుటను ఫ్రాన్సులో ‘ప్రశ్న’ అనియే వ్యవహరించెడివారు. 1780 మొదలుకొని దానిని క్రమముగా రద్దుచేసిరి. ప్రశ్న యను సాధువైన మాట ఒక కాలమున హింసకు ముసుగుగా నుండెను. శ్రోతలు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక. మదరాసు కథ వచ్చినపుడు దీనితో మనకు పని గలదు.

ఇక ‘ప్రే’ అను క్రియ. ఇదియు ఫ్రెంచి దారిని వచ్చినదే, మూలము లాటిను. ఆ లాటిను ధాతువునకు సంస్కృతమున చుట్టము ఏదని వెదకినచో, ప్రార్థన కాదు, ప్రశ్న దొరకును! ‘ప్రచ్ఛ్’ ధాతువును, ‘ప్రే’ అను మాటయు ఒక తల్లి బిడ్డలు. జర్మను భాషలో ఆ కుటుంబమునకే చెందిన ‘ఫ్రాగెన్’ అను క్రియకు నేటికిని ప్రశ్నించుట యనియే యర్థము. తోబుట్టువులలో ఒకరు నిలిచి ప్రశ్నించుచుండగా, ఇంకొకరు గుడిలో మోకరించిరి.

‘క్రేవ్’, ‘డిమాండ్’ అను రెండు క్రియల నడక మరింత విచిత్రమైనది. ‘క్రేవ్’ ప్రాచీనమైన ఇంగ్లీషు మాట. తొలుత దాని యర్థము హక్కుగా అడుగుట. నా సొత్తు నాకిమ్మని పట్టుపట్టుట. శతాబ్దములు గడచినకొలది అది మెత్తబడి, దీనముగా వేడుటయై, తుదకు లోలోపల తపించుటగా మారినది. గర్భిణి చింతకాయకై పడు ఆరాటమును నేడు ఇంగ్లీషున ఈ మాటతోనే చెప్పుదురు. స్కాట్లండు న్యాయస్థానములలో మాత్రము వాది తన కీయవలసినదని కోరుదానికి ‘క్రేవ్’ అను పాతపేరు నిలిచియున్నది. ‘డిమాండ్’ సరిగా ఎదురుదారిని నడచినది. ఫ్రెంచిలో ఆ క్రియకు నేటికిని ఊరక అడుగుట యనియే యర్థము. దారి అడిగినను, వేళ అడిగినను ఆ మాటయే. ఇంగ్లండు న్యాయస్థానములలో ఫ్రెంచి వ్యవహరించిన కాలమున, హక్కుదారుడు తన హక్కును అడుగుటకు ఆ మాటను వాడిరి. న్యాయస్థానపు గాలి సోకి మాట గట్టిపడినది. అడుగుట పట్టుపట్టుట యైనది. ఫ్రెంచి పత్రమునందలి ఆ క్రియను చూచి తొందరపడి ఇంగ్లీషున ‘డిమాండ్’ అని వ్రాయు అనువాదకుడు, మర్యాదగా అడిగినవానిని తగవులమారిని చేయును. మేము మా పల్లెకు చేసిన అపచారమునకు అది తిరగబడిన రూపము.

మాటలకు ఈ యంతస్తులు నిఘంటుకారు లిచ్చినవి కావు. రాజునకును ప్రజలకును నడుమ జరిగిన వ్యవహారములో ఏర్పడినవి. 1362లో, మూడవ ఎడ్వర్డు రాజ్యకాలమున, న్యాయస్థానములలో వాదములు ఇంగ్లీషున జరుగవలెనని శాసనము చేసిరి. ఆ శాసనమును మాత్రము ఫ్రెంచిలోనే వ్రాసిరి! పార్లమెంటులోని కామన్సు సభవారు రాజునకు మనవి పత్రములు సమర్పించుటయు, రాజు సమ్మతించిన పిమ్మట వాని ననుసరించి శాసనములు వ్రాయబడుటయు అప్పటి పద్ధతి. వ్రాయుచోట మాటలు మారుచుండెడివి. సభవా రడిగిన దొకటి, శాసనమై వచ్చున దింకొకటి. 1414లో కామన్సు సభవారు అయిదవ హెన్రీకి ఇంగ్లీషున నొక మనవి సమర్పించిరి. తాము మనవి చేసికొనువారు మాత్రమే కాదనియు, సమ్మతి నొసగువారు కూడ ననియు, తమ సమ్మతి లేనిదే తమ మాటలకు చేర్పులు గాని తీసివేతలు గాని చేయరాదనియు చెప్పిరి. వారి యడుగుటకు విరుద్ధముగా ఏదియు శాసనమున చేర్పబడదని రాజు బదులిచ్చెను. ఆ బదులులో నున్న మాట ‘ఆస్కింగ్’. పొయ్యి దగ్గరి మాట సింహాసనముపై నుండి వినబడినది.

రెండు శతాబ్దములు గడచినవి. మొదటి ఛార్లెసు పార్లమెంటు సమ్మతి లేకయే బలవంతపు టప్పులు వసూలుచేయుచు, ఈయనివారిని కారణము చెప్పక చెరలో నుంచుచుండెను. 1628లో సర్ ఎడ్వర్డు కోకు మొదలగు న్యాయవేత్తల పూనికతో పార్లమెంటు ‘పిటిషన్ ఆఫ్ రైట్’ అను పత్రమును రాజు నెదుట నుంచినది. ఆ పేరులోనే రెండు కంఠములు గలవు. మొదటి మాట మనవి. చివరి మాట హక్కు. లోపల వాడిన క్రియ ‘ప్రే’. దానికి తోడు వినయముతో అను విశేషణము. చేతులు జోడించియే యున్నవి గాని, ఆ చేతులలోనిది హక్కుల పట్టిక. రాజు సమ్మతించెను. మరుసటి సంవత్సరమే పార్లమెంటును చాలించి, పదునొకండేండ్లు దానిని మరల పిలువకుండెను. అంతర్యుద్ధము వచ్చినది. 1649 జనవరి 30వ తేదీన రాజు శిరస్సు కోల్పోయెను.

ఆయన కుమారుడు రెండవ జేమ్సు కాలమున మనవి చేసికొనుటయే నేరమైనది. తన ప్రకటన నొకదానిని చర్చిలలో చదివి వినిపింపవలెనని ఆ రాజు ఆజ్ఞాపించెను. ఏడుగురు బిషప్పులు ఆ పని తమచేత చేయింపవలదని మనవి పత్రము నిచ్చిరి. అది రాజద్రోహకరమైన వ్రాత యని వారిపై అభియోగము మోపిరి. 1688 జూన్ 30వ తేదీన జ్యూరీ వారిని నిర్దోషులని చెప్పినది. ఆ సంవత్సరము ముగియులోపల రాజే దేశము విడిచి పోయెను. 1689లో కొత్త రాజదంపతుల యెదుట చదివిన హక్కుల ప్రకటనలో, రాజునకు మనవి చేసికొనుట ప్రజల హక్కనియు, అందులకై శిక్షించుట చట్టవిరుద్ధమనియు వ్రాసిరి. హక్కుల పట్టిక ముగిసినచోట మూడు క్రియలు వరుసగా నిలిచినవి: ‘క్లెయిమ్’, ‘డిమాండ్’, ‘ఇన్సిస్ట్’. మాదని చెప్పుచున్నాము, ఇమ్మనుచున్నాము, పట్టు విడువము అని వాని భావము. ‘ప్రే’ అను మాట మర్యాదకొరకు ఆ శాసనమున మరియొకచోట నిలిచియున్నది. కాని అసలు బరువును మోసినవి ఈ మూడు. 1628 నుండి 1689 వరకు అరువదియొక్క యేండ్లు. ఒక క్రియ దగ్గరనుండి మరియొక క్రియ దగ్గరకు నడచుటకు ఒక జాతికి అంతకాలము పట్టినది. ఆ నడుమ ఒక రాజు తల పోయినది, ఇంకొక రాజు కిరీటము పోయినది.

అయినను ఆ క్రియలు పెద్దలవే గాని కూలివానివి కాలేదు. ఓటుహక్కు కావలెనని ఇంగ్లండు కార్మికులు 1842లో పార్లమెంటునకు తెచ్చిన మనవిపై ముప్పది లక్షలకు పైగా సంతకములు గలవని ప్రకటించిరి. వారి ప్రతినిధుల మాట వినుటకే సభ అంగీకరింపలేదు. అడుగుట నేర్చినంత మాత్రమున చాలదు. వినుట నేర్చినవాడు ఎదుట నుండవలెను.

ఈ క్రియలన్నియు కంపెనీ వెంట ఓడలెక్కి మన దేశమునకు వచ్చినవి. ‘ఐ బెగ్ టు స్టేట్’ అని మొదలుపెట్టి, ‘మీ విధేయసేవకుడను’ అని ముగించు అర్జీ ఫక్కి మనవారికి నోటికి వచ్చినది. చెప్పుకొనుటకు కూడ బిచ్చమెత్తవలసిన వాక్యమది. ఆ ఫక్కిలోనే పెద్దపనికి పూనుకొన్నవాడు మదరాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు. 1844 నుండి ‘క్రెసెంట్’ అను పత్రికను నడపినవారు. 1852లో వారు మదరాసు నేటివ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించిరి. కంపెనీ పట్టాను 1853లో పార్లమెంటు తిరిగి పరిశీలింపనుండగా, ఈ సంఘము శిస్తు భారమును, న్యాయస్థానముల లోపములను, రోడ్ల లేమిని, విద్య కొరతను వివరించుచు లండనుకు మనవి పంపినది.

పట్టా నిలిచినది. కాని మనవి వృథా కాలేదు. 1853లో డాన్బీ సేమరు అను పార్లమెంటు సభ్యుడు మదరాసు వచ్చి, లక్ష్మీనరసుగారి తోడ జిల్లాలు తిరిగి, రైతుల నోట వారి కష్టములు వినెను. శిస్తు వసూలులో హింస జరుగుచున్నదని పార్లమెంటున మాటలాడెను. 1854లో మదరాసులో విచారణ సంఘ మేర్పడినది. బాధితులు వచ్చి చెప్పుకొనవచ్చునని ప్రకటించిరి. దూరపు జిల్లాలనుండి రైతులు వచ్చిరి. 1855లో నివేదిక వెలువడినది. హింస నిజమని తేలినది. కిట్టి యను కొయ్యల నడుమ వ్రేళ్ళను పెట్టి నొక్కుట, మెడను కాలివ్రేళ్ళకు త్రాటితో బిగించి మనుష్యుని వంచియుంచుట, మండుటెండలో నిలుపుట - ఇవి పన్ను ‘అడుగు’ విధములు. ఫ్రాన్సులో రద్దయిన ‘ప్రశ్న’ మన రైతుల వ్రేళ్ళపై బ్రతికియున్నది. ఒక్క అడుగుట యను పనిలోనే పైనున్నవాని అడుగుట ఎట్టిదో, క్రిందనున్నవాని అడుగుట ఎట్టిదో ఆ నివేదిక ప్రక్కప్రక్కన నిలిపి చూపినది.

1885లో బొంబాయిలో కాంగ్రెసు మహాసభ తొలిసారి కూడినది. తొలి సంవత్సరముల తీర్మానములలో ‘ప్రే’ అను క్రియ తరచుగా కనబడును. అది బిచ్చమెత్తు రాజకీయమని యువకులు దెప్పసాగిరి. 1906లో కలకత్తా కాంగ్రెసునకు దాదాభాయి నౌరోజీ అధ్యక్షత వహించిరి. వారికి ఎనుబదియొక్క యేండ్లు. ఆ దెప్పుమాటకు వారు చెప్పిన బదులు మా బోటి అనువాదకులకు పాఠము. ఉత్తరము క్రింద విధేయసేవకుడనని వ్రాసినంత మాత్రమున వ్రాసినవాడు సేవకుడు కానట్లే, మనవి పత్రము పంపినంత మాత్రమున పంపినవాడు బిచ్చగాడు కాడనియు, ఆ మాటలు మర్యాదకొరకు వాడునవనియు, లోపల నున్నది హక్కుల కోరికయే యనియు వారు చెప్పిరి. యువకుల మాటలోను నిజము గలదు. మర్యాదకని జోడించిన చేతులు చిరకాల మట్లే యుండినచో, ఎదుటివాడు వానిని బిచ్చగాని చేతులుగనే లెక్కించును.

ఈ రెండు నిజములును గాంధీమహాత్మునియందు కలిసినవి. 1930 మార్చి 2వ తేదీన వారు వైస్రాయి ఇర్విను ప్రభువునకు జాబు వ్రాసిరి. ఎంతో స్నేహభావముతో అడిగిన జాబు అది. వచ్చిన బదులు చూచి, మోకరించి రొట్టె నడిగితిననియు, రాయి లభించినదనియు గాంధీగారు చెప్పిరి. మార్చి 12వ తేదీన దండికి బయలుదేరిరి. అచట ఉప్పు నెవరిని అడుగలేదు, వంగి తీసికొనిరి. 1942 ఆగష్టు 8వ తేదీనాటి బొంబాయి తీర్మానములో బ్రిటిషు అధికారము తొలగవలెనని చెప్పుచోట నున్నది ‘డిమాండ్’ అను మాట. 1885 నుండి 1942 వరకు ఏబదియేడేండ్లు. ఇంగ్లండు నడచిన దారినే మనవారును నడచిరి; ఇంచుమించు అంతకాలమే పట్టినది.

ఈ మెట్లు మన తెలుగున లేకపోలేదు. అడుగు, కోరు, వేడు, బతిమాలు, దేబిరించు అనునవి అచ్చమైన ఇంటిమాటలు. వానిలో ఒక్కొక్క మెట్టు దిగినకొలది వెన్ను ఇంకొంత వంగును. నిలదీయుట అనునపుడు వెన్ను నిటారగును. ఎదుటివానిని కదలనీయక అడుగుట యది. అర్థించు, యాచించు, ప్రార్థించు, ప్రశ్నించు అనునవి సంస్కృతమునుండి వచ్చినవి. నవాబుల కచ్చేరీలు అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు అను మాటలను తెచ్చినవి. ఫిర్యాదు అనగా పారసీలో మొర. సవాలు అను మాట సంగతి వింతైనది. అరబ్బీలో దానికి ప్రశ్న యనియే యర్థము. మన వాడుకలో అది చేవయున్న రమ్మని పిలుచుట యైనది. ఉత్తప్రశ్న యెప్పుడు సవాలగునో కచ్చేరీలలో నిలుచుండిన మన పూర్వులకు బాగుగా తెలిసియుండును.

కాబట్టి పర్యాయపదమను మాటను మేము నేడు జాగ్రత్తతో వాడుచున్నాము. ఒక మాటకు బదులు ఇంకొక మాటను పెట్టవచ్చునని నిఘంటువు చెప్పును. పెట్టినపుడు ఎవరు లేచిరో ఎవరు కూర్చుండిరో నిఘంటువు చెప్పదు. దానిని వాక్యములోని మనుష్యులను చూచి తెలిసికొనవలెను. పన్ను కట్టిన పౌరుడు వంతెన కావలెననునపుడు అతడు అడుగును. పొలమెండిన రైతు మబ్బు నెదుట నిలిచినపుడు వేడును. లంచము తిన్నవాని యెదుట నిలదీయును. రేడియో వినువారు కోట్లమంది. వారిలో ఒక్కని వెన్ను అకారణముగా వంచు హక్కు మాకు లేదు. ఆ ఉపాధ్యాయులకు మేము వ్రాసిన బదులులో ఒక్కటే వాక్యము: ‘మీరు ప్రార్థింపలేదు, అడిగితిరి, తప్పు మాది.’

చివర నొక మాట. అడుగుటలో అంతస్తులే గాక ఆప్యాయత కూడ గలదు. మన ఇండ్లలో బంధువు రైలెక్కునపుడు ‘అమ్మను అడిగినట్లు చెప్పు, పిల్లలను అడిగినట్లు చెప్పు’ అందుము. అక్కడ ఏమియు అడుగుట లేదు, తలచుకొంటిమని చెప్పుట. ఇంగ్లీషువారును ఎవరి క్షేమమునైన విచారించినపుడు ‘ఆస్క్’ అను ఆ పాత క్రియనే వాడుదురు. రాజుల నెదిరించిన క్రియకు ఇంత మెత్తని మనస్సు కూడ గలదు. శ్రోతలారా, ఈ పుటలను మీ యింట ఎవరైన చదివి వినిపించుచుండినయెడల, వినుచున్న వారినందరను మేము అడిగినట్లు చెప్పగోరుచున్నాము.